మీదే ఊరు?

జంషెడ్‌పూర్‌లో కొండల మాట ఎత్తితే మొదట వచ్చే పేరు ఎవరెస్టు. రాకుండా ఎలా ఉంటుంది? 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్‌ని అదే ఏడాది టాటా స్టీల్ ఇక్కడికి పిలిపించుకుంది. టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ ఆవిడ చేతుల మీదుగానే మొదలైంది. ఉత్తరకాశీ దగ్గర నాకురి అనే చిన్న పల్లెలో పుట్టిన మనిషి ఈ ఉక్కు ఊరికి వచ్చి, ఇక్కడి గృహిణులకీ చుట్టుపక్కల పల్లెల పిల్లలకీ కొండ ఎక్కడం నేర్పింది. దల్మా కొండ మీద జరిగిన నడక పోటీతో మొదలుపెట్టిన ప్రేమలతా అగర్వాల్ 2011 మే 20న, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరెస్టు మీద నిలబడ్డారు. మరుసటి ఏడాది బినీతా సోరెన్ ఎక్కారు. మా ఊరి బడిపిల్లల్ని అడిగితే ఈ పేర్లు గడగడా చెబుతారు.

చెప్పాల్సిందే. కానీ బచేంద్రీ పాల్ చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్దది ఎవరెస్టు కాదని నా అభిప్రాయం. 1997లో ఎనిమిది మంది మహిళల జట్టుకి నాయకురాలిగా ఆవిడ అరుణాచల్ ప్రదేశ్ నుంచి సియాచిన్ దాకా హిమాలయాల పొడవునా నడిచారు. దాదాపు 4,500 కిలోమీటర్లు, నలభైకి పైగా కనుమలు, ఏడు నెలల పైచిలుకు కాలం. పాతికేళ్ళు గడిచాక 2022లో మళ్ళీ బయల్దేరారు. ఈసారి జట్టంతా యాభై దాటినవాళ్ళే. బర్మా సరిహద్దులోని పాంగ్‌సౌ కనుమ దగ్గర మార్చి 12న మొదలుపెట్టి, అస్సాం, నేపాల్, కుమావూఁ, గఢ్వాల్, హిమాచల్ దాటుకుంటూ దాదాపు ఐదు నెలలకి కార్గిల్ సీమ చేరుకున్నారు. బచేంద్రీ పాల్‌కి అరవై ఎనిమిదేళ్ళు నిండింది ఆ దారిలోనే. జట్టులో మా ఊరివాళ్ళూ ఉన్నారు, ఎల్. అన్నపూర్ణ, పాయో ముర్ము. ఎవరెస్టు ఎక్కి వచ్చినవాళ్ళకి మా టాటానగర్ స్టేషన్లో డప్పులతో స్వాగతం పలికిన ఊరు, ఈ నడక గురించి ఇప్పటికీ చాలినంత మాట్లాడుకోలేదు. ఆ లోటు నన్ను బాధపెడుతుంది.

ఎందుకు పెద్దది అంటున్నానో చెబుతాను. శిఖరం మీదికి వెళ్ళిన దారి మళ్ళీ వెనక్కే వస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు, అటు నుంచి ఎక్కడికీ పోలేం. కనుమ అలా కాదు. కనుమ దాటితే అవతల ఒక ఊరు ఉంటుంది. కనుమల్ని కనిపెట్టింది సాహసవీరులు కాదు. గొర్రెల కాపర్లు, ఉప్పు వర్తకులు, అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్లలు. 1962 దాకా గఢ్వాల్ పై లోయల్లోకి టిబెట్టు ఉప్పు గొర్రెల, మేకల వీపుల మీద చిన్న చిన్న మూటల్లో ఇలాంటి దారుల్లోనే దిగేది. కనుమ దాటినవాడు సాయంత్రానికి ఎవరి గుమ్మం ముందో నిలబడాలి. నీళ్ళు అడగాలి. పడుకునే చోటు అడగాలి. అన్నిటికంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి: మీదే ఊరు?

బండిలో వచ్చినవాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కారు నంబరు చూసి రాష్ట్రం తెలుసుకుంటారు, హోటల్లో ఆధార్ కార్డు చూసి పేరు రాసుకుంటారు. నడిచి వచ్చినవాణ్ణి మాత్రం ప్రతి ఊళ్ళోనూ, ప్రతి మలుపులోనూ అడుగుతారు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు, ఇంట్లో ఎవరెవరున్నారు. రోజుల తరబడి నడిచే దారిలో ఉన్న అసలు విలువ నాకు ఇందులోనే కనిపిస్తుంది. గాలి బాగుంటుంది, దేవదారు చెట్లు బాగుంటాయి, నిజమే. కానీ మన ఊరేదో, మనవాళ్ళెవరో, మన బతుకేమిటో రోజుకి పదిసార్లు పరాయివాళ్ళకి వివరించి చెప్పుకోవలసి రావడం వేరే ఎక్కడా జరగదు.

ఉద్యోగమంతా రోలింగ్ మిల్లు మెయింటెనెన్సులో చేసినవాణ్ణి నేను. మూడు షిఫ్టుల మనిషిని. పదవీ విరమణ తర్వాత తోటి ఉద్యోగులు కొందరితో కలిసి గఢ్వాల్‌లోని హర్ కీ దూన్ లోయకి వెళ్ళాను. పూరీ నుంచి వచ్చే ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ టాటానగర్ మీదుగానే పోతుంది. ఎక్కి కూర్చుంటే దేశం మధ్యలోంచి చుట్టు తిరిగి హరిద్వార్ చేరుస్తుంది. అక్కణ్ణుంచి డెహ్రాడూన్, పురోలా, మోరీ, నేట్‌వాడ్, సాంక్రీ. నేట్‌వాడ్ దగ్గర రూపిన్, సూపిన్ అనే రెండు ఏరులు కలిసి టోన్స్ నది అవుతాయి. ఈ టోన్స్ యమునలో కలిసే చోట యమున కంటే ఎక్కువ నీళ్ళు తెస్తుంది. అయినా కలిసిన తర్వాత పేరు యమునదే. సాంక్రీ నుంచి తాలూకా అనే ఊరి దాకా జీపు పోతుంది. మేం వెళ్ళినప్పుడు అక్కడితో చక్రాల బతుకు అయిపోయింది. ఇక సూపిన్ ఏటి పక్కనే కాలిబాట. గంగాడ్, తర్వాత ఓస్లా, ఆ పైన ఊళ్ళు లేవు. పచ్చిక బయళ్ళు, దాదాపు 11,700 అడుగుల ఎత్తున హర్ కీ దూన్, దాని వెనక తెల్లగా స్వర్గారోహిణి.

తెలుగువాడికి ఈ లోయ కొత్త కాదు. చూడకముందే తెలుసు. భారతంలో స్వర్గారోహణ పర్వం వినని ఇల్లు మన దగ్గర ఏది? పాండవులు కుక్కని వెంటబెట్టుకుని నడిచిపోయింది ఈ దారినేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. మరో విశేషం ఉంది. ఈ లోయలో దుర్యోధనుడికి గుళ్ళున్నాయని బయటివాళ్ళు చెప్పుకుంటారు. ఓస్లాలో ఉన్న కొయ్య గుడిని కూడా అలాగే చూపిస్తారు. ఊరివాళ్ళని అడిగితే కాదు, సోమేశ్వరుడు, శివుడే అంటారు. నేట్‌వాడ్ పైన దేవ్‌రా ఊళ్ళో మాత్రం కర్ణుడి గుడి ఉంది, అందులో వాదం లేదు. నాకు నచ్చిన సంగతి వేరే. ఆ సోమేశ్వరుడు ఒక్క చోట కూర్చోడు. పల్లకి ఎక్కి, మనుషుల భుజాల మీద ఊరి నుంచి ఊరికి తిరుగుతూ ఉంటాడు. ఆయన ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఆ లోయలో పిల్లల్ని అడిగినా చెబుతారు.

గంగాడ్ దాటాక ఒక వాగు మీద చిన్న రాతి గుడిసె కనిపించింది. లోపల్నుంచి గరగరమని చప్పుడు. మా గైడు అది ఘరాట్ అన్నాడు. నీటి తిరగలి. వంగి లోపలికి దూరాను. వాగు నీళ్ళని ఒక కొయ్య దోనె గుండా ఏటవాలుగా కిందికి దించారు. ఆ వేగానికి నేల కింద అడ్డంగా పడుకోబెట్టినట్టున్న కొయ్య రెక్కల చక్రం తిరుగుతోంది. దాని ఇరుసు నేలలోంచి పైకి వచ్చి పై రాయిని తిప్పుతోంది. గేరు లేదు, బెల్టు లేదు. నేను ఎదురుచూడనిది గింజలు పడే పద్ధతి. పైన వేలాడదీసిన బుట్ట అడుగున చిన్న కంత, దానికి కట్టిన పుల్ల ఒకటి తిరిగే రాయి మీద ఆని ఉంది. రాయి గరుకు మీద పుల్ల ఎగిరెగిరి పడుతూ బుట్టని కుదుపుతుంది. కుదుపుకి నాలుగు గింజలు రాలతాయి. నీళ్ళు ఎక్కువై రాయి జోరందుకుంటే పుల్ల ఎక్కువ ఎగురుతుంది, గింజలు ఎక్కువ పడతాయి. నీళ్ళు తగ్గితే గింజలూ తగ్గుతాయి. రాయి ఆగిపోతే పుల్ల నిలబడుతుంది, గింజ పడదు. మా మిల్లులో ఇలాంటి నియంత్రణకి మోటార్లు, సెన్సార్లు, ఒక ప్యానెలు, దానికొక ఆపరేటరు. ఇక్కడ జానెడు పుల్ల. దాని ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియలేదు.

ఆ గుడిసెలో పిండి పట్టుకుంటున్న పెద్దావిడ నన్ను చూసి మొదట అడిగింది ఆ ప్రశ్నే: మీదే ఊరు? టాటా నుంచి అన్నాను. మేం మా ఊరిని అలాగే అంటాం. శ్రీకాకుళం జిల్లాలో చుట్టాలకి కూడా మేం టాటావాళ్ళమే. ఆవిడకి టాటా అంటే ఉప్పు పొట్లం. జార్ఖండ్ అని వివరించాను. అక్కడే పుట్టారా అంది. అక్కడే పుట్టాను అన్నాను. మీ నాన్నగారు? ఆయనా అక్కడే. మరి మీ తాతగారు? తాతగారు టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చారు, సముద్రం పక్కన అన్నాను. ఆవిడ తలాడించి, అయితే మీ ఊరు సముద్రం పక్కనన్నమాట అంది. ఆవిడ దృష్టిలో మూడు తరాలు ఒకచోట బతికినంత మాత్రాన అది ఊరైపోదు. తాత పొలం ఎక్కడుంటే అదే ఊరు. బిష్టుపూర్ రామమందిరంలో పెళ్ళి చేసుకుని, కదమాలో కాపురం పెట్టి, బతుకంతా సువర్ణరేఖ నీళ్ళు తాగినవాణ్ణి నేను. ఆవిడ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆ మాట మీదే నా ఆలోచన తిరుగుతోంది.

తిరగలి కింద పడుతున్న పిండి నల్లగా, కొద్దిగా ఎర్రటి జీరతో ఉంది. ఏం గింజ అని అడిగితే దోసిట్లో పోసి చూపించింది. చోళ్ళు! వాళ్ళు మండువా అంటారు. సింగ్‌భూమ్ పల్లెల్లో సంతాలీలు, భూమిజులు పండించేదీ అదే. మా తాతగారి ఊళ్ళో అంబలి కాచుకునేదీ అదే. ఎనిమిదివేల అడుగుల ఎత్తున, సముద్రానికి అంత దూరాన, మా నాయనమ్మ చేతి ముద్ద రంగు ఆ పిండిలో కనిపించింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాం. కింద గొడ్లు, పైన మనుషులు. దేవదారు దూలాలు పొగకి నల్లబారి నిగనిగలాడుతున్నాయి. ఇంటికి ఎడంగా, గొలుసు వేసి తాళం పెట్టిన కొయ్య గాదె. నిప్పు అంటుకుంటే ఇల్లు పోయినా గింజ మిగలాలని అలా దూరంగా కడతారట. చోడి రొట్టె, రాజ్‌మా, నెయ్యి. ఇంటి పెద్దాయన మాతో మాట్లాడుతున్నంతసేపూ చేతిలో కదురు ఆగలేదు, ఉన్ని వడుకుతూనే ఉన్నాడు. మర్నాడు గొర్రెల వెనక వెళుతున్నప్పుడు కూడా నడుస్తూనే వడికాడు. బయట మెట్ల పొలాల్లో చౌలాయి ఎర్రగా పండి ఉంది. మన తోటకూర జాతిదే అది, గింజ కోసం పెంచుతారు.

ఆ ఇంట్లో కొడుకులు లేరు. డెహ్రాడూన్‌లో ఒకడు, ఢిల్లీలో ఒకడు. గఢ్వాల్ కొండల్లో ఇది ఇంటింటి కథ. ఉత్తరాఖండ్ ప్రభుత్వం వలసల మీద 2017లో ఒక సంఘాన్నే వేసింది. 2011 జనాభా లెక్కల తర్వాత 734 ఊళ్ళు మనిషి లేకుండా ఖాళీ అయిపోయాయని ఆ సంఘం మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. తాళాలు వేసిన తలుపులు, కూలిన కప్పులు, గుడిలో దీపం పెట్టే దిక్కు లేదు.

ఆ అంకె చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. జంషెడ్‌పూర్ అంటే ఏమిటి? 1907లో సాక్చీ అనే పల్లె దగ్గర ఉక్కు కార్ఖానాకి స్థలం నిర్ణయమైంది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె వచ్చింది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఆ కొలుములకి మనుషులు కావాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఎక్కి శ్రీకాకుళం, విజయనగరం, గంజాం పల్లెల నుంచి తెలుగువాళ్ళు వచ్చారు. పంజాబు నుంచి, బీహారు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చారు. మా ఊరు నిండిన ప్రతిసారీ ఎక్కడో ఒక పల్లెలో ఒక ఇంటికి తాళం పడింది. పట్నం నుంచి నడవడానికి వచ్చిన మేం ఆ కొండ ఊళ్ళకి పరాయివాళ్ళం కాదు. వాళ్ళ కొడుకులు ఏమవుతారో మేం అప్పటికే అయి ఉన్నాం. ఆ పెద్దావిడ నా మూడు తరాలూ తవ్వి అడిగింది ఊసుపోక కాదనుకుంటాను. తన మనవలు రేపు ఎవరికి ఏమని చెప్పుకుంటారో అడిగి తెలుసుకుంది.

ఊరి నుంచి ఊరికి నడిచి, ఊళ్ళోనే బస చేసి, వాళ్ళ గింజే తిని, దానికి న్యాయమైన డబ్బు ఇచ్చేవాళ్ళు ఏటా వస్తూ ఉంటే ఒక కొడుకైనా వెనక్కి వస్తాడు. ఇది ఊహ కాదు. ఆ లోయలో గైడ్లుగా, కంచరగాడిదలు తోలేవాళ్ళుగా, ఇంట్లో గది అద్దెకిచ్చేవాళ్ళుగా నిలబడిన కుర్రాళ్ళని చూశాను. కానీ నడకకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళని దాటుకుంటూ పోతారు. పైన పచ్చిక బయలు మీద గుడారం కావాలి వాళ్ళకి, ఫొటోకి అదే బాగుంటుంది. బుగ్యాల్ అనే ఆ పచ్చిక నేలలు చాలా సున్నితం. ఏడాదిలో సగం మంచు కింద ఉండి, మిగతా సగంలో మొలిచి పూసి కాయాలి. గుడారాల మేకులకీ, వంటల బూడిదకీ, గుంపుల తొక్కిడికీ గడ్డి చచ్చిపోతే మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆ బయళ్ళ మీద రాత్రి బసని నిషేధించి, రోజుకి రెండు వందల మందికి మించి వెళ్ళకూడదంది. గైడ్ల పొట్ట కొట్టే తీర్పని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. వాళ్ళ కష్టం నిజమే. అయినా తీర్పు మంచిదేనని నేను నమ్ముతాను. పగలు బయలు చూసి, రాత్రికి ఊళ్ళోకి దిగిరావడంలో బయలుకీ లాభమే, ఊరికీ లాభమే.

రోజుల తరబడి నడవడం మనకి ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలలకి తిరిగొచ్చారు. ఆయన పల్లకిలో వెళ్ళినా పరివారమంతా నడిచింది, ప్రయాణం సాగింది మజిలీ మజిలీగానే. ఏ ఊళ్ళో మంచి నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో బియ్యం దొరుకుతాయి, ఏ ఊరివాళ్ళు ఎలా మాట్లాడతారు, అన్నీ రాశారు. ఆయన పుస్తకం ఈనాటికీ పనికొస్తోందంటే కారణం కాశీ ఒక్కటే కాదు, ఆ నడుమ ఊళ్ళు. నల్లమలలో శ్రీశైలం నడక దారి ఇప్పటికీ బతికే ఉంది. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. శివరాత్రికి మనవాళ్ళూ, ఉగాదికి కర్ణాటక భక్తులూ వేలమంది ఆ అడవి దాటి వస్తారు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దపు రాజు. నడిచేవాడికి దారి వెయ్యడం రాజు చేయదగిన పుణ్యకార్యమని ఆ కాలం నమ్మింది.

ఇంకా చెప్పాలంటే, కొండని ఎక్కకుండా చుట్టి రావడం మన సంప్రదాయం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు లక్షలమంది నడుస్తారు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, రాత్రంతా నడిచి, తెల్లారేసరికి మళ్ళీ కొండ కిందికి చేరతారు. దారి పొడవునా ఎవరెవరో మజ్జిగ ఇస్తారు, పులిహోర పెడతారు, కాళ్ళకి నూనె రాస్తారు. యూరప్‌లో అందరూ చెప్పుకునే ఆల్ప్స్ నడక కూడా ఇలాంటిదే. మోఁ బ్లాఁ అనే మంచు కొండని ఎక్కరు, చుట్టూ తిరుగుతారు. నూట డెబ్బై కిలోమీటర్లు, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల పల్లెలు, పది పన్నెండు రోజులు. జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ 1767లోనే ఆ కొండని చుట్టి వచ్చాడు. శిఖరం ఎక్కింది ఇరవై ఏళ్ళ తర్వాత. ముందు చుట్టూ ఉన్న ఊళ్ళు చూశాడు, తర్వాత కొండ నెత్తి చూశాడు. ఆ వరస నాకు చాలా నచ్చుతుంది.

ఇదంతా చెప్పడం మా దల్మా కోసం. జంషెడ్‌పూర్‌లో ఏ మేడ ఎక్కినా ఉత్తరాన దల్మా కనిపిస్తుంది. సుమారు మూడు వేల అడుగుల ఎత్తు. హిమాలయాల ముందు ఎంత అనకండి. దాదాపు రెండు వందల చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది. సాలు, ఇప్ప, తుమికి చెట్లు, ఏనుగులు. వరి పండే వేళకి దల్మా ఏనుగులు బెంగాల్‌లోని బాంకుడా, మేదినీపూర్ వైపు నడిచిపోయి కొన్ని నెలలకి తిరిగొస్తాయి. మా ఊరివాళ్ళు దల్మాకి ఎలా వెళతారు? మకులాకోచా గేటు దగ్గర టికెట్టు కొని, బండిలో పై దాకా పోయి, శివుడికి దండం పెట్టి, ఫొటో దిగి, మధ్యాహ్నానికి కిందికి వచ్చేస్తారు. కొండ చుట్టూ ఉన్న సంతాలీ, హో, భూమిజ్ పల్లెల్లో మా ఊరివాళ్ళ కాలు పడదు. నూరేళ్ళకి పైగా ఆ కొండ నీడలో బతుకుతున్నాం, ఆ పల్లెల నుంచి వచ్చిన కూరగాయలూ, విస్తరాకులూ, పాలూ రోజూ కొంటున్నాం. వాళ్ళ ఊరి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఆ పల్లెల్లో ఒక ఇంటి గోడ చూస్తే చాలు, ఎంత పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది. మట్టి గోడే. కానీ చెయ్యి వేస్తే అద్దంలా జారుతుంది. ఆడవాళ్ళు పొరమీద పొర మట్టి మెత్తి, అరచేతితో రుద్ది రుద్ది ఆ నునుపు తెస్తారు. కింద నల్ల పట్టీ, దాని మీద ఎర్ర మట్టి, ఆ పైన తెల్ల మట్టి. కొలబద్ద లేకుండా గోడ పొడవునా గీత వంకర పోదు. దీపావళి వెళ్ళగానే వచ్చే సొహ్‌రాయ్ పండగకి ప్రతి ఇంటి గోడా కొత్తగా రంగు తేలుతుంది, పశువులకి పూజ జరుగుతుంది, మాదల్ అనే డోలు మోగుతుంది. గడపలో పేడనీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి, ఎద్దు కొమ్ములకి నూనె రాస్తారు. మన కనుమ పండగ తెలిసినవాడికి అక్కడ ఏదీ ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

అందుకని నా కోరిక ఒక్కటే. దల్మా చుట్టూ ఊరి నుంచి ఊరికి మూడు నాలుగు రోజులు నడిచే దారి ఒకటి కావాలి. కొత్తగా రోడ్డు వెయ్యక్కర్లేదు, పల్లెల మధ్య కాలిబాటలు ఎప్పుడూ ఉన్నవే. అటవీశాఖ అనుమతి, ఏనుగుల కదలికల మీద కబురు, ప్రతి మజిలీలో నలుగురికి వండిపెట్టి పడుకోబెట్టగల రెండు మూడు ఇళ్ళు, దారి చూపడానికి ఆ ఊరి కుర్రాళ్ళు. గ్రామసభ ఒప్పుకున్న ఊళ్ళోనే బస, గ్రామసభ చెప్పిన రేటే. హిమాలయాల పొడవునా నడిచి వచ్చినవాళ్ళు ఉన్న ఊరు ఇది. ఇంతపాటి పని తెలిసినవాళ్ళు ఇక్కడ లేకపోలేదు. ఉక్కు కోసం కొండల్ని తవ్వుకున్న ఊరు, కొండ చుట్టూ కాలినడకన తిరిగి అక్కడివాళ్ళకి తన పేరు, తన తాత పేరు చెప్పుకోవడం అవసరం. అది మర్యాద. మనం ఎవరమో చెప్పకుండా వాళ్ళ నేల మీద ఇన్నేళ్ళు ఉన్నాం.

మా తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. సెలవులకి పిల్లల్ని విశాఖకో, తిరుపతికో తీసుకెళుతున్నారు, వెళ్ళండి. ఏడాదికి ఒక్కసారైనా ఒక పల్లెలో రాత్రి ఉండేలా నడిపించండి. వాళ్ళని ఎవరో ఒకరు మీదే ఊరని అడగాలి, వాళ్ళు నిలబడి ఆలోచించి జవాబు చెప్పాలి. దల్మా వైపు నడకకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మకులాకోచాలో అటవీశాఖవాళ్ళని అడిగి, స్థానికుణ్ణి తోడు తీసుకుని, పొద్దు వాలకముందే ఊళ్ళోకి చేరుకోండి. చీకటి పడితే ఆ దారి ఏనుగులది.